చేతులు మారిన ఆట

మొదటి ఫోను మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. కరెంటు పోయి రెండు గంటలైంది. పట్టాభి దుకాణం గుమ్మంలో కుర్చీ వేసుకుని, పాత గైడు అట్టతో విసురుకుంటున్నాడు. కూతురు సింధూర లోపల చీకట్లో పుస్తకాల వరసలు సర్దుతోంది.

"వేదవతి బుక్ హౌసేనా?" అని అడిగిందొక మగ గొంతు.

"అవునండీ. చెప్పండి."

"ఇయ్యాల మీ దుకాణం ఎన్నిసార్లు తగలబెట్టిన్నో ఎర్కనా? ఏడు సార్లు." వెనక ఎవరో పకపకా నవ్వారు. "రేపొస్త, ఎనిమిదోది."

ఫోను కట్టయింది. పట్టాభి దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాడు. "ఎవరు నాన్నా?" అని సింధూర అడిగితే, "రాంగ్ నంబరు" అన్నాడు. కానీ ఆ రోజు ఐదింటికే షట్టరు దించేశాడు. దుకాణం పెట్టిన ఇరవై ఒక్క ఏళ్ళలో అంత పెందలాడే షట్టరు దించడం ఆమె చూడలేదు.

అది రెండువేల పదకొండు, సెప్టెంబరు ఆఖరి వారం. తెలంగాణ కోసం మొదలైన సకల జనుల సమ్మె రెండో వారంలో పడింది. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. బడులు మూతపడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెట్ల మీద చెప్పుల గుట్టలు లేవు. బొగ్గు రాక కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. పట్టాభిది తెనాలి దగ్గర పల్లె. పెళ్ళైన కొత్తలో వచ్చి, పోటీ పరీక్షల పుస్తకాలమ్ముకుంటూ ఇక్కడే స్థిరపడ్డాడు. దుకాణానికి తల్లి పేరు పెట్టుకున్నాడు. ఉద్యమం గురించి ఎవరు ఏమడిగినా, "పుస్తకాలు అందరికీ కావాలి కదండీ" అని ఊరుకునేవాడు.

మర్నాడు రెండు ఫోన్లు వచ్చాయి. రెండోదాంట్లో మాట్లాడినవాడి యాస కోస్తాది. "అంకుల్, మీ షట్టరు భలే మండుతోందండీ!" అన్నాడు. దాంతో పట్టాభికి ఏమీ అర్థం కాలేదు. బెదిరించేవాళ్ళు ఎవరో ఒకవైపు వాళ్ళయితే కనీసం ఎవరికి భయపడాలో తెలిసేది.

మూడో రోజు ఫోను సింధూరే ఎత్తింది.

"మీ దుకాణం ముందల నీలం డ్రమ్ముంది సూడు," అన్నాడు ఆ మనిషి, చాలా తీరిగ్గా. "దాని ఎనక నిలబడి కొడితే పోలీసులకు కనవడం. మస్తు జాగ."

సింధూర గుమ్మంలోకి వచ్చి చూసింది. దుకాణం ముందు ఏ డ్రమ్మూ లేదు. ఎప్పుడూ లేదు. రెండు మెట్లు, ఒక మురుగు కాలవ, కాలవ మీద బండ. అంతే.

ఆమె మెట్టు మీద కూర్చుంది. నీలం డ్రమ్ము ఒకే ఒక్క చోట ఉంది. దాన్ని అక్కడ పెట్టింది తనే.

*

ఆ రోజుల్లో ప్రతి నెట్ సెంటర్లోనూ ఉండే విదేశీ ఆట ఒకటుంది. పేరు తెలియని నగరంలో కార్లు నడపడం, గోడలకి గుద్దడం. ఇలాంటి ఆటలో కంపెనీ వాళ్ళు పెట్టిన వీధుల్నీ బండ్లనీ తీసేసి, ఆడేవాళ్ళే తమకు కావలసినవి తయారుచేసి పెట్టుకోవచ్చు. అలా చేసి పంచుకునే ఫైళ్ళని మోడ్ అంటారు. ఎంసీఏ చివరి ఏడాదిలో సింధూర చేసిన మోడ్‌లో కార్ల బదులు ఆర్టీసీ బస్సులు, పసుపు ఆటోలు ఉంటాయి. విదేశీ వీధి బదులు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ చౌరస్తా దాకా మన రోడ్డు ఉంటుంది. పొద్దున్నే డిజిటల్ కెమెరా పట్టుకుని ప్రతి దుకాణం బోర్డూ ఫోటో తీసింది. ఆ బోర్డుల్ని అక్షరం మార్చకుండా ఆటలో అతికించింది. వాటిలో తండ్రి దుకాణం ఒకటి, పేరూ ఫోన్ నంబరుతో సహా. ఆ గోడకీ మెట్లకీ మధ్య బొమ్మలో అతుకు సరిగ్గా కుదరక, దాన్ని కప్పడానికి అక్కడ నీలం డ్రమ్మొకటి పెట్టింది.

పనిలో సగం భిక్షపతిది. అతనిది నల్గొండ వైపు పల్లె. చైతన్యపురిలో గది కిరాయికి తీసుకుని పది కంప్యూటర్ల నెట్ సెంటర్ నడుపుతాడు. బస్సుల శబ్దాలు, సిగ్నళ్ళు, బండి గేర్లు మారే తీరు అన్నీ అతను చేసినవే. ఎనిమిది నెలలు పట్టింది. ఆట తెరుచుకోగానే వచ్చే మొదటి బొమ్మ మీద ఇద్దరి పేర్లూ రాసుకున్నారు.

తయారయ్యాక దాన్ని ఎక్కడ ఇవ్వాలన్న దగ్గర ఇద్దరికీ పెద్ద గొడవైంది. మోడ్లు చేసేవాళ్ళందరూ చేరే ఒక వెబ్‌సైట్ ఉంది, అక్కడే పెడదామంది సింధూర. "అక్కడైతే ఎప్పుడు మార్చామో, ఏం మార్చామో రాసి ఉంటుందన్నా. తప్పులుంటే చెప్తారు. ఎవరైనా మార్చుకోవాలంటే మనల్ని అడుగుతారు."

"రెండొందల ఎంబీ చెల్లె," అన్నాడు భిక్షపతి. "గంత దించుకునేసరికి పొద్దుగూకుతది. మన రోడ్డు మీది ఆట మన రోడ్డు మీదోళ్లకే దొరకకపోతే ఎట్ల? పెన్‌డ్రైవుల ఏసి నెట్ సెంటర్లకు ఇద్దాం. ఒకలకిస్తే పదిమందికి పోతది."

చివరికి రెండూ చేశారు. వెబ్‌సైట్ నుంచి దించుకున్నవాళ్ళు నూట పన్నెండు మంది. పెన్‌డ్రైవుల్లో ఎంతమందికి పోయిందో లెక్క లేదు. ఎవరు చేశారు, ఎక్కడ అడగాలి అని సింధూర రాసి దానితోపాటు పెట్టిన వివరాల ఫైలుని మొదటి సెంటరువాళ్ళే వదిలేశారు. ఆటకి అవసరం లేని ఫైలుని ఎవరు కాపీ చేస్తారు?

*

ఫోన్లో డ్రమ్ము మాట విన్న సాయంత్రమే సింధూర కొత్తపేటలో ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళింది. చున్నీ తల మీదుగా కప్పుకుని, మూల కంప్యూటర్ అడిగి కూర్చుంది. ఆట తెరిచింది. మొదట తన పేరే వచ్చింది. దాని కింద భిక్షపతి పేరు. ఆ తరువాత రోడ్డు.

రోడ్డు తను చేసినదే. కానీ నిండా పొగ. మెడలో కండువాలు వేసుకున్న మనుషులు కర్రలు పట్టుకుని తిరుగుతున్నారు. కొన్ని దుకాణాల నెత్తిన ఎర్రటి గుండ్రటి గుర్తులున్నాయి. అవన్నీ కోస్తా పేర్లున్నవే. వాటి దగ్గరికెళ్ళి బటన్ నొక్కితే అద్దం పగులుతుంది, మళ్ళీ నొక్కితే మంట లేస్తుంది. వేదవతి బుక్ హౌస్ మీద అన్నిటికంటే పెద్ద గుర్తు. మంటలో కూడా తండ్రి ఫోన్ నంబరు చక్కగా చదవడానికి వస్తోంది. స్పష్టంగా రావాలని ఆ అంకెల మీద ఒక రాత్రంతా కష్టపడింది తనే.

పక్క కంప్యూటర్లో కాలేజీ కుర్రాడెవరో అదే ఆడుతున్నాడు. "దీంట్ల గీ పుస్తకాల షాపుకే ఎక్కువ పాయింట్లు," అని స్నేహితుడికి చెబుతున్నాడు. సింధూర లేచి వచ్చేసింది. ఎల్‌బీనగర్ వైపు నుంచి ఏదో నినాదం వినిపిస్తే, అది తన కోసమే అన్నట్టు సందులోకి తిరిగిపోయింది.

ఇంట్లో తల్లి లలితకుమారి సంగతంతా విని ఒకే మాట అడిగింది. "ఆ అబ్బాయికి తప్ప దాన్ని మార్చడం ఇంకెవరికి తెలుసే?"

భిక్షపతి సెంటర్ తలుపు మీద జై తెలంగాణ స్టిక్కరు ఉంటుంది. సాయంత్రాలు అతను మీటింగులకు వెళ్తాడు. ఇవన్నీ సింధూరకు ముందే తెలుసు. అవి భయపడాల్సిన సంగతులని ఎప్పుడూ అనిపించలేదు. ఆ రాత్రి అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా భయం తగ్గలేదు.

పొద్దున్నే చైతన్యపురి వెళ్ళింది. సెంటర్ షట్టరు సగానికి దించి ఉంది. వంగి లోపలికెళ్ళేసరికి భిక్షపతి ఉలిక్కిపడి లేచాడు. మొహం పీక్కుపోయి ఉంది. కూర్చోమనలేదు.

"అన్నా, ఆ ఆట చూశావా?"

"సూసిన. నిన్న కానిస్టేబులొచ్చిండు. పేరు రాసుకపోయిండు. ఊరేదని అడిగిండు, నాయిన పేరడిగిండు." అతను కంప్యూటర్ వైపు చేయి చూపాడు. "తెరవంగనే నా పేరొస్తది గద. ఇంకెవలనడుగుతరు?"

రోడ్డు మీద మైకు పెట్టిన ఆటో ఒకటి బంద్ ప్రకటన చదువుకుంటూ పోయింది.

"నన్ననుమానిస్తున్నవ్ గదా?" అన్నాడు భిక్షపతి.

సింధూర తల దించుకుంది.

"నేను నిన్ననుకున్న," అన్నాడతను. "మా కండువాలేసి దుకాణాలు కాలబెట్టినట్టు సూపెడ్తే ఎవలకు లాభం? మమ్మల్ని బద్నాం చేసెటోళ్లకే గదా. మీవోళ్లెవలో నీతోని చేయించిన్రనుకున్న. మూడు దినాలసంది బువ్వ సయిస్తలేదు."

ఆమెకు ఏడుపొచ్చింది. అతను కుర్చీ లాగి వేశాడు. "కూసో చెల్లె. జర నీళ్లు తాగు."

కరెంటు వచ్చినప్పుడు మార్చిన కాపీని, తమ కాపీని పక్కపక్కన పెట్టి ఫైలు ఫైలూ పోల్చారు. రోడ్డు, బండ్లు, శబ్దాలు అన్నీ తమవే. కొత్తగా చేరిన బొమ్మలన్నీ ఒక ఫోల్డర్లో ఉన్నాయి. ఆ ఫోల్డర్ పేరు: వెంకట్రావు సిస్టం ఆరు.

"ఎల్‌బీనగర్‌ల వెంకట్రావని ఒకాయనది సెంటరుంది," అన్నాడు భిక్షపతి. "సెంటర్ల కూసొని పనిచేసెటోళ్లు గట్లనే పేరు పెట్టుకుంటరు, మళ్ల వొస్తే దొరుకుతదని. రేపు పోదాం."

*

మర్నాడు పొద్దున పది గంటలకి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ర్యాలీ ఉంది. ఆ లోపలే బోర్డు దించేద్దామని సింధూర తండ్రిని ఒప్పించింది. పేరూ నంబరూ కనబడకపోతే కనీసం ఆట చూసి వచ్చే కొత్తవాళ్ళకి దుకాణం ఏదో తెలియదని ఆమె ఆశ.

"మా అమ్మ పేరు దాచుకోవాలా?" అన్నాడు పట్టాభి. అన్నాడే కానీ నిచ్చెన ఎక్కాడు. స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఊడేసరికి చాలాసేపు పట్టింది. సింధూర కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది. సందు చివర మెయిన్ రోడ్డు మీద డప్పులు మొదలయ్యాయి. జనం వరసలు వరసలుగా పోతున్నారు. ఒక్కో గుంపు సందు మొదట్లోకి వచ్చినప్పుడల్లా ఆమె చేతులు నిచ్చెనని గట్టిగా బిగించి పట్టుకున్నాయి. ఏ గుంపూ లోపలికి తిరగలేదు. వాళ్ళెవరూ ఇటు చూడను కూడా లేదు.

వచ్చింది వెనక సందులోంచి. మోటారు సైకిలు మీద ఇద్దరు. వెనక కూర్చున్నవాడి చేతిలో ఏముందో ఆమె చూసేలోపే, "ఎనిమిది!" అని అరుపు, బోర్డు పగిలిన చప్పుడు. పట్టాభి రెండు చేతులూ గాల్లోకి లేచాయి. నిచ్చెన పక్కకు ఒరిగిపోయింది. సింధూర ఆపలేకపోయింది.

అతను కాలవ మీది బండ మీద పడ్డాడు. నుదుటి మీద నుంచి రక్తం కంట్లోకి కారుతోంది. ఎడమ చేయి మణికట్టు దగ్గర వంకరగా ఉంది.

"నాన్నా!" అని ఆమె అరిచిన అరుపుకి మెయిన్ రోడ్డు మీద డప్పులు ఆగాయి. కండువాలు వేసుకున్న మనుషులు పది పన్నెండు మంది సందులోకి పరుగెత్తుకొచ్చారు. కొందరి చేతుల్లో జెండా కర్రలున్నాయి. ఆటలో చూసిన బొమ్మ అచ్చంగా అదే. సింధూర తండ్రి మీద అడ్డంగా పడి, "కొట్టకండి! మేమేం చేయలేదు, కొట్టకండి!" అని కేకలు పెట్టింది.

ముందు వచ్చిన నడివయసు మనిషి ఆగిపోయాడు. చేతిలో కర్ర వైపు ఒకసారి చూసుకుని, దాన్ని పక్కన పడేశాడు. మెడలో కండువా తీసి మడత పెట్టి పట్టాభి నుదుటికి అదిమాడు.

"ఎవ్వలు కొట్టరు బిడ్డా. లెవ్వు, నువ్వు లెవ్వు. ఏయ్, మైకు ఆటో ఇటు తిప్పుండ్రి! దవాఖానకు పోవాలె!"

మైకు ఆటోలోంచి కరపత్రాల కట్టలు కిందికి దించి, పట్టాభిని ఎక్కించారు. ర్యాలీ రెండుగా చీలి దారిచ్చింది. ఆటో కొత్తపేట వైపు పోతుంటే అటూ ఇటూ జనం వంగి లోపలికి చూస్తున్నారు. సింధూరకి ఆ మొహాలన్నీ భయంగానే కనిపించాయి. వాళ్ళు సాయం చేస్తున్నారని తెలుసు. తెలిసినా ఒళ్ళు వినలేదు. ఆస్పత్రి మెట్ల దగ్గర ఆటో ఆగేదాకా ఆమె తండ్రి మీద నుంచి చేయి తీయలేదు.

కబురు తెలిసి భిక్షపతి పరుగున వచ్చాడు. లోపల కట్టు కడుతుంటే వరండాలో గోడకానుకుని నిలబడ్డాడు. లలితకుమారి అతన్ని చూసి మొహం తిప్పుకుంది. అతను మందుల చీటీ తీసుకుని కిందికి వెళ్ళాడు.

పోలీసాయన వచ్చి, ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడిగాడు. పట్టాభి కూతురి వైపు చూశాడు. ఆట సంగతి చెబితే ఈ దెబ్బకి కూడా మొదట రాసుకునేది తన పేరూ భిక్షపతి పేరే అని సింధూరకి తెలుసు. "లేదండీ," అన్నాడు పట్టాభే. "బండి మీద వచ్చారు. మొహాలు చూడలేదు."

*

బస్సుల్లేవు. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ నడిచి ఎల్‌బీనగర్ వెళ్ళారు. వెంకట్రావు అరవై ఏళ్ళ మనిషి. రిటైరయ్యాక కాలక్షేపానికి సెంటర్ పెట్టుకున్నాడు. వాళ్ళు చెప్పింది విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆరో నంబరా? అది రవితేజ కూర్చునేదమ్మా. హాస్టల్ కుర్రాడు. కోచింగ్ మూసేసిన దగ్గర్నుంచీ రోజూ పొద్దస్తమానం ఇక్కడే. ఇప్పుడూ లోపలే ఉన్నాడు చూడండి."

రవితేజ సన్నగా, గడ్డం సరిగా రాని మనిషి. బాపట్ల నుంచి బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వచ్చాడు. సింధూర పేరు చెప్పగానే సంతోషంగా లేచి నిలబడ్డాడు.

"మీరేనా అక్కా! మీ మోడ్ అంటే నాకు ప్రాణం. రోడ్డు ఎంత బాగా చేశారో! నేను కొంచెం మార్చాను, చూశారా? మీ ఇద్దరి పేర్లూ అలాగే ఉంచాను. తీసేస్తే దొంగతనం అవుతుంది కదా అని."

భిక్షపతి అడిగాడు. "ఆ బోర్డు మీద నంబరు నిజం నంబరని ఎర్కలేదా నీకు?"

"ఆటలో నంబర్లు నిజంవి ఎందుకుంటాయండీ?"

"నిన్న ఎనిమిది అని అరిచి రాయితోటి కొట్టిన్రు. ఈ పిల్ల నాయిన నిచ్చెన మీదికెంచి పడ్డడు. చెయ్యి విరిగింది. తలకు ఆరు కుట్లు."

రవితేజ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని ఎలా తీయాలో తెలియనట్టు. మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

"నువ్వు మా వైపువాడివే కదా," అంది సింధూర. "మన దుకాణాలే తగలబెట్టడం ఎందుకు పెట్టావు?"

రవితేజ కీబోర్డు వంక చూస్తూ అన్నాడు. "మా హాస్టల్ కింద రోజూ నినాదాలక్కా. కిటికీ తీయాలంటే భయం. యాస తెలిసిపోతుందని టిఫిన్‌కి వెళ్ళినా నోరు తెరవను. ఆటలోనైనా ఆ కర్ర నా చేతిలో ఉంటే... భయపెట్టేవాణ్ణి నేనైతే ఎలా ఉంటుందో అనిపించింది. ఒక్కడికే ఇచ్చానక్కా. నా రూమ్మేట్‌కి. పెన్‌డ్రైవులో."

"మేమూ మొదట ఒక్కలకే ఇచ్చినం," అన్నాడు భిక్షపతి.

పోలీసులకి పట్టించాలని కోపంలో ఒకసారి అనుకుంది సింధూర. కానీ కుర్రాడి మొహం చూస్తే, తను మూడు రోజులుగా అద్దంలో చూస్తున్న మొహంలాగే ఉంది. "లే. మాతో రా. ఎక్కడెక్కడికి పోయిందో అక్కడికల్లా నువ్వే వచ్చి చెప్పాలి," అంది.

మూడు రోజులు తిరిగారు. ఎల్‌బీనగర్, కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ బ్రిడ్జి దాకా. మొత్తం పద్నాలుగు సెంటర్లు. ప్రతి గుమ్మం దగ్గరా లోపల ఎవరుంటారో అని భయం. కోస్తా వాళ్ళ సెంటర్లో భిక్షపతిని అనుమానంగా చూశారు. ఒక చోట కండువా వేసుకున్న యజమాని, "మమ్మల్ని బద్నాం చేస్తిరి గదరా!" అని రవితేజ కాలరు పట్టుకున్నాడు. భిక్షపతి మధ్యలో దూరి, "తప్పు ఒప్పుకోనీకే వొచ్చిండు సార్, జర ఇడువుండ్రి" అని బతిమాలాడు. ప్రతి చోటా రవితేజ అదే మాట చెప్పాడు. "దీన్ని చేసింది నేనండీ. ఆ దుకాణం నిజంగా ఉంది. ఆయనకి దెబ్బ తగిలింది. దయచేసి తీసేయండి." పదకొండు చోట్ల తీసేశారు. రెండు చోట్ల వినలేదు. చివరి సెంటర్లో యజమాని తీసేసి, తరువాత నింపాదిగా అన్నాడు. "ఇక్కడ తీస్తే ఏమైతదమ్మా? ఇరవై ముప్పై మంది ఇంటికి కాపీ చేస్కపోయిన్రు."

ఆ మాటకి ముగ్గురూ బయట ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయారు.

"నేను ముందే అన్నాను," అంది సింధూర. "వెబ్‌సైట్‌లో తప్ప ఎక్కడా ఇవ్వకూడదు. ఇక పెన్‌డ్రైవులు వద్దన్నా."

"మనం ఇయ్యకుంటే సెంటర్లల్ల ఏముంటది చెల్లె?" అన్నాడు భిక్షపతి. "గా కాలబెట్టేదే ఉంటది. నెట్టు లేనోడు దొరికింది ఆడుతడు. మంచిది వాని దగ్గరికి పోకపోతే చెడ్డదే ఉంటది."

"మరి మళ్ళీ ఎవరో మార్చితే?"

"మారుస్తరు. ఆపలేం. గని మన చేతితోని ఇద్దాం. ఎవలకిచ్చినమో మనకెర్క ఉండాలె. వాళ్లకు మనం ఎర్క ఉండాలె."

రవితేజ నేల చూపులు చూస్తూ మెల్లగా అన్నాడు. "మీరు చెప్పిన ఆ వివరాల ఫైలు నాకు అందలేదక్కా. అంది ఉంటే మిమ్మల్ని అడిగేవాణ్ణి. నిజంగా." తల ఎత్తి మళ్ళీ అన్నాడు. "దాన్ని విడిగా పెట్టకుండా ఆటలోనే పెట్టండి. చదవకుండా ముందుకు పోనీయకుండా."

సింధూర ఇంటికెళ్ళి పని మొదలుపెట్టింది. కరెంటు ఉన్నప్పుడల్లా కూర్చుని రోడ్డు మీద ఉన్న బోర్డులన్నీ ఒక్కొక్కటే చెరిపింది. నిజమైన పేరు, నిజమైన నంబరు ఏదీ మిగలకుండా కల్పిత పేర్లు పెట్టింది. దుకాణం గోడ అతుకు ఈసారి సరిగా కుదిర్చి, డ్రమ్ము తీసేసింది. ఆట తెరవగానే, ఇది ఏ తేదీది, ఏ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, మార్చాలంటే ఎవరిని అడగాలి అన్నది తెలుగులో కనిపించేలా పెట్టింది. కంప్యూటర్ పక్కన పట్టాభి కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. రవితేజ ఒక రోజు ఆయన్ని చూడడానికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కాళ్ళ మీద పడబోతే పట్టాభి ఆపాడు. చాలాసేపు కోపంగా చూశాడు. చివరికి, "ఏ పరీక్షకి చదువుతున్నావు?" అని అడిగాడు.

"బ్యాంకు క్లర్కుకండీ."

"మరి చదువు," అని లోపలికి వెళ్ళిపోయాడు. క్షమించాడో లేదో రవితేజకీ తెలియలేదు, సింధూరకీ తెలియలేదు. రాయి వేసినవాళ్ళెవరో చివరికీ తెలియలేదు.

పట్టాభి ఫోన్ నంబరు మార్చుకోనన్నాడు. ఇరవై ఏళ్ళ ఖాతాదార్ల దగ్గరుందని. అందుకని మరో నెల పాటు అప్పుడప్పుడూ ఆ ఫోన్లు వస్తూనే ఉన్నాయి. తెలియని నంబరు మోగినప్పుడల్లా ఇంట్లో ముగ్గురూ మాట్లాడడం ఆపేసేవాళ్ళు.

*

సమ్మె అక్టోబరు ఆఖర్లో ముగిసింది. నవంబరు మొదటివారంలో ఒక పొద్దున, సూర్యాపేట నుంచి ఒక పెద్దమనిషి భిక్షపతి సెంటర్‌కి వచ్చాడు. అక్కడ నెట్ సెంటర్ నడుపుతాడట. మన బస్సుల ఆట ఇక్కడ దొరుకుతుందని ఎవరో చెప్పారని పెన్‌డ్రైవ్ తీశాడు.

అక్కడే ఉన్న సింధూర దాన్ని వెంటనే తీసుకోలేదు. ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మొదటి తెర మీద రాసిందంతా చదవమంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ దాకా ఒకసారి బస్సు నడిపించింది. ఆయన పేరు, ఊరు, సెంటర్ ఎక్కడుందో నోటు పుస్తకంలో రాసుకుంది. తన నంబరు కాగితం మీద రాసిచ్చింది.

"ఇందులో మంట కనబడినా, కర్రలు కనబడినా, నిజమైన దుకాణం పేరేదైనా కనబడినా అది మాది కాదండీ. వెంటనే ఫోన్ చేయండి. ఎవరికైనా ఇస్తే, ఎవరికిచ్చారో గుర్తుపెట్టుకోండి."

పెద్దమనిషి నవ్వాడు. "ఆట గదమ్మా. గింత భయమేంది?"

భిక్షపతి ఆమె వైపు చూశాడు. ఏదైనా సర్దిచెబుతుందేమో అనుకున్నాడు.

"భయమేనండీ," అంది సింధూర. "మీరు కూడా కొంచెం భయపడుతూ పంచండి."

ఆయన నవ్వడం మానేశాడు. కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, పెన్‌డ్రైవ్‌తో కలిపి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. గుండీ పెట్టుకుని, జేబు మీద ఒకసారి చెయ్యి వేసి చూసుకుని, బస్సు అందుకోవడానికి వెళ్ళాడు.